టికెట్టు వెనక

ముప్పై ఒక్క ఏళ్ళు
గుంటూరు–బాపట్ల రూట్లో
నేనన్న మాటలు మూడే:
ముందుకు జరగండి.
చిల్లరివ్వండి.
రైట్ రైట్.

చిల్లర లేకపోతే బాకీ టికెట్టు వెనక రాసిచ్చేవాణ్ణి.
దిగే తొందరలో సగంమంది అడగడం మర్చిపోయేవారు.
ఆ రూపాయిలు ఇంకా నా దగ్గరే ఉన్నట్టుంటాయి.

రిటైరయ్యాక
బ్రాడీపేట నాలుగో లైన్లో, జిరాక్సు షాపు మీది గదిలో,
ఫోను ముందు కూర్చోబెట్టి
ఆ మూడు మాటలూ మర్చిపొమ్మన్నారు.

పెద్దాసుపత్రిలో నర్సుగా చేసిన సుహాసిని గారు
ఆరు ఆదివారాలు నేర్పారు మాకు, మాట్లాడకపోవడం.
"అన్నీ సర్దుకుంటాయి" అనకూడదు.
"మా బావమరిదికీ ఇలాగే" అనకూడదు.
పేరడక్కూడదు, ఊరడక్కూడదు.
అవతల ఏడుపు వినపడితే
మంచినీళ్ళు తాగమనొచ్చా అన్నాను.
"మీరు తాగండి," అన్నారావిడ,
"వాళ్ళని ఏడవనివ్వండి."

ఫిబ్రవరిలో మిర్చి యార్డులో బల్ల వేశాం,
నేనూ ఖాజావలీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, కార్డుల కట్ట.
పది నిమిషాల్లో తెలిసింది మా తెలివి.
హమాలీకీ, కొట్టు గుమాస్తాకీ, టీ తెచ్చే పిల్లాడికీ
అందరికీ కళ్ళు కారుతూనే ఉన్నాయి.
ఎవరిది ఘాటో, ఎవరిది కాదో
ఏ అద్దాలు పెట్టుకుని చూడను?

తర్వాత అనిపించింది,
ఏడవడానికి ఈ జిల్లాలో
ఇంతకంటే మర్యాదైన చోటు లేదని.
తుమ్మి, కండువాతో తుడుచుకుని
"పాడు ఘాటు" అంటే చాలు.
రెండోసారి ఎవరూ చూడరు.

ఒకాయన ఆగాడు. పది టిక్కీలు తెచ్చాడట, తేజ రకం.
"లోనిస్తారా?"
లేదండీ.
"మందులా?"
కాదండీ.
"దేవుడి గురించా?"
అదీ కాదండీ. వింటాం.
"ఏం వింటారు?"
మీరేం చెప్తే అది.
"వినడానిక్కూడా ఆఫీసు పెట్టారూ, గుంటూర్లో!"
నవ్వి, కార్డు మూలతో పళ్ళు కుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి మా కార్డులు
తాలు కాయల్లో తొక్కుడుపడి ఉన్నాయి.
ఖాజావలి ఒక్కొక్కటే ఏరి దులిపాడు, తుమ్ముకుంటూ.

ఎన్నో రోజులు కాలేదు.
రాత్రి పదకొండున్నరకి ఫోను.
మాట లేదు. దగ్గు.
ఆ దగ్గు నాకు తెలుసు,
యార్డు గాలి రెండు రోజులుంటుంది గొంతులో.
ఆయనే అనను. సీజన్లో
సగం జిల్లా అలాగే దగ్గుతుంది.

"కౌలు కట్టాలి" అన్నాడు.
తర్వాత నిమిషం పైన ఏమీ లేదు.
ఆ నిమిషమంతా నా నాలిక చివర
ముందుకు జరగండి, ముందుకు జరగండి అని
పాత అలవాటు కొట్టుకుంది.
పళ్ళ వెనక పట్టి ఉంచాను.
అతను ఫుట్‌బోర్డు మీదున్నాడు,
ఒక కాలు లోపల, ఒకటి గాల్లో.
అలాంటివాణ్ణి కసిరితే ఏమవుతుందో
చేబ్రోలు మలుపులో ఒకసారి చూశాను.

"ఉన్నానండి" అన్నాను. అంతే.

అప్పుడు చెప్పాడు,
రాత్రిళ్ళు చేలోకెళ్ళి, టార్చి నోట కరుచుకుని
పువ్వుని అరచేతిలో దులిపి
తామరపురుగులు లెక్కపెట్టడం.
పువ్వుకి పదిహేడు.
ఇంట్లో మాత్రం "పూత బాగుంది" అనడం.
"ఆ పదిహేడు ఎవరికీ చెప్పలేదండీ."

నేనేమన్నానో గుర్తులేదు.
ఏమీ అనలేదనుకుంటా.
గోడమీద బల్లి ట్యూబులైటు చుట్టూ తిరిగింది.
కింద రోడ్డు మీద
ఆఖరి ఇడ్లీ బండివాడు గిన్నెలు కడుక్కున్నాడు.

పెట్టేసేముందు, "ఉంటానండీ" అన్నాడు.
ఫోన్లో అందరూ అనేదే.
నేనూ రోజుకి పదిసార్లు అంటాను
పాలవాడితో, కరెంటాఫీసుతో.

రిజిస్టర్లో టైము, నిమిషాలు, అంతే రాయాలి.
పదకొండున్నర. నలభై మూడు.
పేజీ తిప్పి
వెనక, పెన్సిలుతో, చిన్నగా రాశాను:
ఉంటానన్నాడు.